సీట్లు లేవు



జూన్ నెల దగ్గర పడుతున్నదంటే విచారణ గురువుకు నిద్ర పట్టదు. ఎండల వలన కాదు. ఏప్రిల్ నుంచే గుడి మెట్ల మీద, గురు నివాసం వరండాలో, పెళ్ళి విందులో, చివరకు పాపసంకీర్తనం చేయడానికి వచ్చి మోకరించినవారి నోట కూడా (ఇది అతిశయోక్తి కాదు) ఒకే మాట వినబడుతుంది. "ఫాదర్ గారూ, మా అబ్బాయికి ఒక్క సీటు." విచారణ బడికి కరస్పాండెంటుగా ఉన్న గురువులందరికీ ఈ సంగతి తెలుసు. మీలో చాలామందికి కూడా తెలుసు, ఎందుకంటే ఆ వరండాలో నిలుచున్నది మీరే.

క్రిందటి సంవత్సరం జూన్ రెండవ వారంలో, సోమవారం సాయంకాలం, ఒక తల్లి ఎనిమిదేళ్ళ పిల్లవాడిని వెంటబెట్టుకుని వచ్చింది. గుంటూరు వైపు పల్లె. భర్త మా గుడికి కిలోమీటరు దూరంలో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పని చేస్తాడు, ఆమె అక్కడే ఇటుకలు మోస్తుంది. రేకుల షెడ్డులో కాపురం. ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న జ్ఞానస్నాన పత్రం జిరాక్సు తీసి నా చేతిలో పెట్టింది. పిల్లవాడు ఊరిలో రెండవ తరగతి చదివాడు. ఇక్కడి ప్రభుత్వ బడిలో చేర్చుకుంటామన్నారు గాని, మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటున్నాయట, పైగా లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి వెళ్ళాలి. నేను చెప్పవలసిన మాట చెప్పాను. "సీట్లు లేవమ్మా. మూడవ తరగతిలో ఇప్పటికే 58 మంది ఉన్నారు." ఆమె ఎదురు మాట్లాడలేదు. "స్తోత్రం ఫాదర్ గారూ" అని పిల్లవాడిచేత కూడా చెప్పించి వెళ్ళిపోయింది.

అదే వారం గురువారం నాడు, గుడి ప్రహరీగోడ అనుమతి విషయంలో మాకు ఎంతో సాయపడిన పెద్దమనిషి ఒకరు ఫోను చేశారు. ఆయన బంధువుల అమ్మాయికి మూడవ తరగతిలో సీటు కావాలి. నేను హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారికి చీటీ వ్రాసి పంపాను. సిస్టర్ గారు ఏమీ అనలేదు, 59వ పేరు రిజిస్టరులోకి ఎక్కించారు.

సోమవారం నేను చెప్పినది అబద్ధమా? కాదనే నా మనస్సు చాలా రోజులు వాదించింది. తరగతి నిజంగానే నిండిపోయింది. అయితే సోమవారం లేని కుర్చీ గురువారం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను వదలలేదు కాబట్టి ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ముందుగా మేమున్న చోటు గురించి చెప్పాలి. మా విచారణ హైదరాబాదుకు వాయవ్యపు అంచున, మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి ఊళ్ళ దరిదాపుల్లో ఉన్నది. ఒకప్పుడు నగరం చుట్టూ ఇటువంటి ఊళ్ళకు ద్రాక్షతోటలు పేరు. అనాబెషాహి ద్రాక్ష ఇక్కడి నుంచి లారీల కొద్దీ పోయేదని పాత కాపులు ఇప్పటికీ చెబుతారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహానగరపాలక సంస్థ చేశారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్‌కు మెట్రో రైలు వచ్చింది. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ 2019 వరకు గ్రామ పంచాయతీలే. ఆ సంవత్సరం వాటిని ఏకంగా నగరపాలక సంస్థగా మార్చారు. అంటే, సర్పంచి గారి సంతకంతో కట్టిన ఊరు ఒక్క రోజున నగరమై కూర్చున్నది. తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. రెండంతస్తులకు అనుమతి తీసుకుని అయిదు లేపిన కథలు మీరూ విన్నవే.

మన దేశంలో పట్టణ ప్రణాళికకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి ప్రకారం సుమారు 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల కావాలి. కాగితం తీసుకుని లెక్క వేయండి. ఒక గేటెడ్ కమ్యూనిటీలో 500 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, రెండు వేల మంది. అటువంటివి మూడు లేస్తే ఒక కొత్త బడి లేవాలి. మా విచారణ పరిధిలో అటువంటివి మూడు కాదు, నేను లెక్కపెట్టడం మానేశాను. బిల్డర్ల బ్రోచరులో ఈతకొలను ఉంటుంది, క్లబ్ హౌస్ ఉంటుంది, నడక దారి ఉంటుంది. బడి మాత్రం "అయిదు నిమిషాల దూరంలో" ఉంటుంది. ఆ అయిదు నిమిషాల దూరంలో ఉన్నది ఎవరి బడి? ఒక పల్లెకు సరిపోయేలా ఎప్పుడో కట్టిన ప్రభుత్వ బడి, లేదా మనవంటివారి బడి, లేదా ఫీజు వినగానే తల తిరిగే కార్పొరేట్ బడి.

పైగా మనం ఎంతమందిమి ఉన్నామో కూడా ఎవరికీ సరిగా తెలియదు. 2011 తరువాత 2021లో జరగవలసిన జనగణన ఆ సంవత్సరం జరగనే లేదు. అగస్తు చక్రవర్తి కాలంలో కనీసం జనాభా లెక్కలంటూ ఉన్నాయి. ఆ లెక్కల కోసమే యోసేపు, మరియ బెత్లెహేముకు వెళ్ళారు, అయినా సత్రంలో చోటు దొరకలేదు. ఇక్కడ లెక్కే లేదు. లెక్కలో లేని పిల్లలకు గది ఎవరు కడతారు? ఇంకొక వైపు, ఈ తల్లిదండ్రులు వదలి వచ్చిన పల్లెల్లో పిల్లలు చాలక బడులు మూతపడుతున్నాయి. బల్లలు అక్కడ, పిల్లలు ఇక్కడ.

ఇక అసలు ప్రశ్న. నిండిన తరగతిలోకి ఇంకొక బిడ్డను చేర్చుకోవడం దయ అవుతుందా, ఉన్న 58 మందికి అన్యాయం అవుతుందా?

ఇది తేలిక ప్రశ్న అనుకొనవద్దు. మా విచారణ సలహా సంఘంలో ఉన్న ఒక తండ్రి నాతో గట్టిగానే మాట్లాడారు. "ఫాదర్ గారూ, మా అమ్మాయి నోటు పుస్తకం టీచరమ్మ చూసి పదిహేను రోజులయింది. మీరు జాలిపడి ఒక్కొక్కరిని చేర్చుకుంటూ పోతే, మీ జాలికి వెల కట్టేది మా పిల్లలు." ఆయన ధనవంతుడేమీ కాదు, ఆటో నడుపుతారు. మన బడిలో చదివే చాలామంది తల్లిదండ్రులు అటువంటివారే. కనుక ఇది ఉన్నవారికీ లేనివారికీ మధ్య తగవు అని తేల్చి, ఒక ప్రసంగం చేసి లేచిపోవడానికి వీలు లేదు.

ఆయన మాటలో ఉన్న తత్వాన్ని కొంచెం విప్పి చూద్దాం. లోకంలోని మేళ్ళు రెండు రకాలు. ఒక రకం పంచుకుంటే తరగదు. ఒక దీపం నుంచి ఇంకొక దీపం వెలిగిస్తే మొదటి దీపం వెలుగు తగ్గదు గదా. విద్య అటువంటిదని మన పెద్దలు అంటారు. అది నిజమే. ఎక్కాలు 30 మందికి చెప్పినా 60 మందికి చెప్పినా ఎక్కాలు అరిగిపోవు. కాని చదువు చెప్పడంలో రెండవ రకం మేలు కూడా ఉన్నది. అది టీచరమ్మ చూపు. ఏ బిడ్డకు అర్థం కాలేదు, ఏ బిడ్డ అన్నం తినకుండా వచ్చింది, ఏ బిడ్డ పక్కవాడి పలకలోంచి చూసి వ్రాస్తున్నాడు, ఇది కనిపెట్టే చూపు రొట్టె వంటిది. పంచితే తరుగుతుంది. పీరియడు 40 నిమిషాలు. 30 మంది ఉంటే ఒక్కొక్కరి వాటా 80 సెకండ్లు, 60 మంది ఉంటే 40 సెకండ్లు. ఆ 40 సెకండ్లలో హాజరు కూడా పలకాలి.

పునీత అగస్తీను గారు తన కుమారుడైన అదేయొదాతుసుతో జరిపిన సంభాషణగా వ్రాసిన "గురువు" అనే చిన్న గ్రంథంలో, సత్యాన్ని లోపల నుంచి బోధించేవాడు క్రీస్తేననీ, బయటి గురువు మాటలు గుర్తుచేసే సంకేతాలు మాత్రమేననీ వాదిస్తారు. పునీత తోమాసు అక్వినాసు గారు దానిని ఇంకొంచెం నేలకు దించి, గురువును వైద్యునితో పోల్చారు. రోగం నయం చేసేది ప్రకృతే, వైద్యుడు దానికి సాయపడతాడు. అలాగే శిష్యుని బుద్ధే నేర్చుకుంటుంది, గురువు దానికి చేయూతనిస్తాడు. గురువిద్యాలయంలో పరీక్ష కోసం చదువుకున్నప్పుడు ఈ పోలికలోని బరువు నాకు తెలియలేదు. కరస్పాండెంటు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. ఆరోగ్య సూత్రాలు వెయ్యిమందికి మైకులో చెప్పవచ్చు. నాడి మాత్రం ఒక్కొక్కరి చేయి పట్టుకునే చూడాలి. కాబట్టి ఆ తండ్రి అన్నది స్వార్థం కాదు. ప్రాథమిక తరగతుల్లో సుమారు 30 మందికి ఒక ఉపాధ్యాయుడు, పెద్ద బడి అయినా 40 దాటకూడదు, 6 నుంచి 8 వరకు 35 మందికి ఒకరు అని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పినది ఊరికే కాదు.

మీలో కొందరు ద్రాక్షతోట కూలివారి ఉపమానం గుర్తుచేస్తారు. (ద్రాక్షతోటలు అమ్ముకున్న ఊళ్ళో ఆ సువిశేషం చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక రకంగా ఉంటుంది.) చివరి గంటకు వచ్చినవారికీ మొదట వచ్చినవారితో సమానమైన కూలి ఇచ్చాడు గదా యజమాని, మరి బడిలో ఆలస్యంగా వచ్చినవారిని ఎందుకు కాదనాలి అంటారు. మంచి ప్రశ్న. కాని ఆ యజమాని తన జేబులో డబ్బు ఇచ్చాడు, ముందు వచ్చినవారి కూలిలో నుంచి కోసి ఇవ్వలేదు. నేను 59వ బిడ్డను చేర్చుకున్నప్పుడు నా జేబులోనిది ఇవ్వడం లేదు. 58 మంది బిడ్డల సెకండ్లలో నుంచి తీసి ఇస్తున్నాను. ఇతరుల సొమ్ముతో చేసే దానం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

అట్లని ముందు వచ్చినవారిదే సీటు అనవచ్చునా? అది కూడా నాకు పొసగడం లేదు. జనరల్ బోగీ ప్రయాణం మీరందరూ చేసినవారే. ఖాజీపేటలో తలుపు పట్టుకుని వేలాడి, "అన్నా, కొంచెం జరుగన్నా" అని బతిమాలి ఎక్కినవాడే, తరువాతి స్టేషనులో తలుపు మూసి "జాగా లేదు, ముందుకు పో" అని అరుస్తాడు. మా కాలనీ సంఘాల్లో ఇప్పుడు ఒక మాట వినబడుతున్నది. "కొత్త అపార్ట్‌మెంట్లకు అనుమతులు ఆపాలి, బడులు నిండిపోయాయి, నీళ్ళు చాలడం లేదు." అనేవారిలో ఎక్కువమంది పదేళ్ళ లోపు వచ్చినవారే. నేనూ వచ్చినవాడినే. బడి, డ్రైనేజీ, నీళ్ళు వచ్చిన తరువాతే ఇళ్ళు రావాలన్నది న్యాయమైన కోరిక, దానిని గట్టిగా అడగవలసిందే. కాని నా ఇల్లు అయిపోయింది కాబట్టి ఇక తలుపు వేయండి అన్నది న్యాయం కాదు.

తోమాసు గారు ఆస్తి గురించి చెబుతూ, వస్తువులను సంపాదించి చూసుకునే హక్కు మనిషికి ఉన్నదిగాని, వాడుకునే విషయంలో వాటిని తనవి మాత్రమే అనుకోకుండా, అవసరంలో ఉన్నవారితో పంచుకునేందుకు సిద్ధంగా ఉండాలంటారు. ఫీజు కట్టినంత మాత్రాన సీటు ఎవరి సొంతమూ కాదు. అది బిడ్డ ఎదుగుదల కోసం అప్పగించినది. అదే తోమాసు గారు, పంపకంలో చేసే పాపానికి ఒక పేరు పెట్టి వేరుగా చర్చించారు. ముఖం చూసి ఇవ్వడం. అర్హత, అవసరం చూడకుండా, అడిగిన మనిషి ఎవరో చూసి ఇవ్వడం. యాకోబు గారి లేఖ రెండవ అధ్యాయం తీసి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి కుర్చీ చూపించి, మాసిన బట్టలతో వచ్చినవానిని నిలబడమన్నవారిని ఆయన తప్పుపడతారు. అక్కడి తగవు కూడా సీటు గురించే.

ఇప్పుడు నా తప్పు ఎక్కడ ఉన్నదో నాకు కనబడింది. సోమవారం "సీట్లు లేవు" అనడం తప్పు కాకపోవచ్చు. గురువారం 59వ బిడ్డను చేర్చుకోవడం కూడా, దానంతట అదే, ఘోరం కాకపోవచ్చు. సోమవారం ఒక కొలత, గురువారం ఇంకొక కొలత వాడడం తప్పు. సోమవారం 58 మంది పిల్లల న్యాయాన్ని అడ్డం పెట్టుకున్నాను, గురువారం ఆ న్యాయాన్ని ప్రహరీగోడకు అమ్మాను. మీలో సిఫారసు చీటీలు అడిగినవారు ఉన్నారు. మిమ్మల్ని నిందించడం లేదు. బిడ్డ కోసం తల్లిదండ్రులు అడుగుతారు. వ్రాసినవాడిదే బాధ్యత.

ఇంకొక విషయం ఉన్నది, ఇది మన శ్రీసభ బడులన్నింటికీ సంబంధించినది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. మన బడులను మనమే నడుపుకునే హక్కును 30వ అధికరణం కాపాడుతున్నది, దానిని నేను తేలికగా తీసుకోను, మన పెద్దలు ఆ హక్కు కోసం ఎంతో పాటుపడ్డారు. అయితే చట్టం నుంచి మినహాయింపు దొరికినంత మాత్రాన సువిశేషం నుంచి దొరకలేదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యను గురించి వెలువరించిన ప్రకటనలో, పేదలకు, కుటుంబపు ఆసరా లేనివారికి, విశ్వాసపు వరం అందనివారికి ప్రత్యేక శ్రద్ధ చూపమని మన బడులను కోరింది. ఆ ప్రకటన మన ఆఫీసుల బీరువాల్లో ఉన్నది. అడ్మిషన్ రిజిస్టరు పక్కనే పెట్టుకోవలసింది.

అపార్ట్‌మెంట్లు కట్టేవారి పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం చట్టం చేశారు. నిర్మాణ వ్యయంలో కనీసం ఒక శాతం సెస్సుగా వసూలు చేయాలని, 50 మందికి మించి స్త్రీలు పని చేసేచోట పసిపిల్లలకు శిశుసంరక్షణ గది ఉండాలని అప్పట్లో నియమం పెట్టారు. ఆ గది ఆరేళ్ళ లోపు పిల్లలకు. ఆరేళ్ళు దాటినవాడు ఎక్కడికి పోవాలి? తండ్రి సైటు మారినప్పుడల్లా బడి మారాలి. మనం కొనుక్కున్న ఫ్లాటు స్లాబు పోసిన ఏడాది ఆ పిల్లవాడికి ఒక తరగతి పోయి ఉండవచ్చు. జగద్గురువు రెండవ జాన్ పాల్ గారు 1987 నాటి విశ్వలేఖలో పాపపు నిర్మాణాల గురించి వ్రాశారు. ఎవరో ఒక్కరు దుర్మార్గుడు కానవసరం లేదు, అందరూ తమ తమ పని చూసుకుంటూ పోతే చాలు, అన్యాయం తనంతట తాను అంతస్తులు లేపుకుంటుంది. పొలం అమ్మిన రైతు, బిల్డరు, సంతకం పెట్టిన అధికారి, అప్పు చేసి కొనుక్కున్న మనం. ఎవరిని అడిగినా "నేనేం చేశాను?" అనే అంటారు. వారు అనేది నిజమే కూడా.

మరి ఏం చేయాలి? తరగతి నిండినప్పుడు "లేదు" అనడం తప్పనిసరి కావచ్చు. అయితే "లేదు" అన్నంతలో ఆ బిడ్డ పట్ల నా బాధ్యత తీరిపోదు, రూపం మారుతుంది, అంతే. నేను లేదన్న బిడ్డకు ఇంకొక చోటు చూపించే అప్పు నా మీద పడుతుంది. కనీసం ఆ తల్లితో కలిసి రోడ్డు దాటి ఆ ప్రభుత్వ బడికి వెళ్ళి ఉండవలసింది. తరువాత వెళ్ళాను. అక్కడి ప్రధానోపాధ్యాయులు నాకు టీ ఇప్పించి, వర్షం వస్తే వరండాలో కూర్చున్న రెండవ తరగతిని గదిలోకి ఎలా సర్దుతారో చూపించారు. కత్తోలిక గురువు ఎవరూ ఇదివరకు ఆ గేటు లోపలికి రాలేదన్నారు. అది మన పిల్లల బడి కాదని మనం ఎప్పుడో నిర్ణయించుకున్నాం కాబోలు.

మా గుడి ఆవరణలో పెద్ద హాలు ఉన్నది. ఆదివారం సత్యోపదేశం, శనివారం పెళ్ళిళ్ళు, మిగతా అయిదు రోజులు తాళం. క్రిందటి నవంబరు నుంచి సాయంకాలం అయిదు నుంచి ఏడు వరకు సైటు పిల్లలను అక్కడ కూర్చోబెడుతున్నాం. మరియ సేన నుంచి ఇద్దరు రిటైరైన టీచరమ్మలు వస్తున్నారు. నలభై మంది దాకా వస్తారు. గోడలు మాసిపోతున్నాయని, పెళ్ళివారు ఫిర్యాదు చేశారని సలహా సంఘంలో ఒక గంట చర్చ జరిగింది. అది బడి కాదు, బడికి బదులు కూడా కాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ హాలు మీద ఇంకొక అంతస్తు వేయాలని ఇప్పుడు ప్రతిపాదన. అద్దెకిచ్చే ఫంక్షన్ హాలా, బడికి రెండు గదులా? ఫంక్షన్ హాలుకు ఎక్కువమంది మొగ్గుతున్నారు. అద్దెతో గుడి ఖర్చులు గడుస్తాయి. రెండు గదులకైతే ఇద్దరు ఉపాధ్యాయుల జీతం ప్రతి నెలా కావాలి, పైగా ఈ ప్రాంతం పెరుగుతున్న వేగానికి ఆ గదులూ రెండేళ్ళలో నిండిపోతాయి. ఆ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా నా ఓటు గదులకే.

సిఫారసు చీటీలు మాత్రం ఈ సంవత్సరం నుంచి మానేశాను. దరఖాస్తులు సిస్టర్ గారూ, ఇద్దరు తల్లిదండ్రులూ కలిసి చూస్తారు. తరగతికి 50 దాటకూడదని, ప్రతి ఏడు రెండేసి తగ్గించుకుంటూ 40కి రావాలని, కొత్తగా చేర్చుకునేవారిలో నాలుగవ వంతు అవసరం చూసి ఇవ్వాలని వ్రాసుకున్నాం. ప్రహరీగోడ పెద్దమనిషికి నేనే వెళ్ళి ఈ మాట చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. తరువాత ఫోను చేయలేదు.

హాలు మొదలుపెట్టిన వారంలోనే ఆ తల్లి కోసం సైటుకు వెళ్ళాను. స్లాబులన్నీ అయిపోయి రంగులు వేస్తున్నారు, రేకుల షెడ్లు తీసేశారు. మేస్త్రీని అడిగితే, ఆ సెంట్రింగ్ వాళ్ళు దసరాకు ముందే పటాన్‌చెరు అవతల కొత్త సైటుకు పోయారన్నాడు. ఏ సైటో తెలియదన్నాడు. ఆ పిల్లవాడి జ్ఞానస్నాన పత్రం జిరాక్సు నా బల్ల సొరుగులో ఉన్నది. ఆ రోజు తిరిగి ఇవ్వడం మరిచిపోయాను.